లికోరిస్ మిఠాయి ఎక్కడ పుట్టింది? అది మన అతిమధురమేనా?

అవునండీ, అది మన అతిమధురం వేర్లతో చేసిందే. చిన్నప్పుడు దగ్గొస్తే మా అమ్మమ్మ అతిమధురం ముక్క ఒకటి బుగ్గన పెట్టించేది, మొదట ఉత్త చెక్క నమిలినట్టే ఉంటుంది, కాసేపటికి ఆ పసుపుపచ్చని పీచులోంచి తీపి ఊరడం మొదలై, ఉమ్మేశాక కూడా గొంతులో చాలాసేపు నిలిచిపోతుంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో చదువుకునేటప్పుడు మా ఇంటి ఓనరమ్మ చేతిలో పెట్టిన నల్ల బిళ్ళలో మళ్ళీ అదే తీపి తగిలింది. కోటు గుండీ అంత ఉంది, పైన కోట బొమ్మ, గుడ్లగూబ ముద్ర.

అవి దగ్గర్లోని పాంటెఫ్రాక్ట్ ఊరివి అని ఆవిడే చెప్పింది, ఆ వారమే రైలెక్కి వెళ్ళొచ్చాను. అక్కడి నేల లోతైన ఇసుక నేల, వేర్లు బాగా దిగుతాయి కాబట్టి ఒకప్పుడు కోట ఆవరణలో కూడా ఈ మొక్కే పెంచారు. వేర్లను ఉడికించి, ఆ రసాన్ని దగ్గరపడేదాకా కాచితే నల్లగా గట్టిపడుతుంది. అక్కడా మొదట్లో అది దగ్గుకీ కడుపుకీ మందే! 1760లో జార్జ్ డన్‌హిల్ అనే మందుల వ్యాపారి అందులో పంచదార కలిపాడు, మందు బిళ్ళ కాస్తా మిఠాయి అయింది. నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంకోటుంది: 1872లో బ్రిటన్‌లో మొదటిసారి రహస్య బ్యాలెట్‌తో ఉప ఎన్నిక జరిగింది ఆ ఊళ్ళోనే, బ్యాలెట్ పెట్టెకి లక్క సీలు వేయడానికి వాడింది ఈ బిళ్ళల ఫ్యాక్టరీ ముద్రే.

అయితే పుట్టిల్లు ఒక్క ఇంగ్లండే అనుకోకండి, ఇటలీలో కలాబ్రియా వైపు కూడా దీనికి పాత పేరుంది. నెదర్లాండ్స్‌లో, ఫిన్లాండ్‌లో అయితే నవసాగరం అనే లవణం కలిపి ఉప్పగా చేస్తారు, అది నాకు అస్సలు ఎక్కలేదు.

ఒక్క మాట, బీపీ ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు. ఇందులోని గ్లైసిరైజిన్ అనే పదార్థం బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. అందుకే సెలవులకి ఇంటికి తెచ్చినప్పుడు నాన్నకి ఇవ్వలేదు. అమ్మమ్మ మాత్రం ఒకటి చప్పరించి, "అతిమధురమే కదరా ఇది, బెల్లం ఎక్కువేశారు" అంది.