బాడుగ ఇంట్లో గోడ తీసే ముందు

చిరంజీవి సుజాతకు, పెదనాన్న ఆశీస్సులు.

కొర్లగుంటలో బాడుగకు తీసుకున్న ఇంట్లో రెండు గదుల మధ్య గోడ కొట్టించి, కుట్టుమిషన్లు వరసగా వేసుకుంటావని మీ నాన్న చెప్పాడు. ఓనరమ్మ "నీ ఇష్టం తల్లీ" అందట. ఆ ఒక్క మాట నమ్ముకుని గునపం పట్టించకు. నువ్వు ఖాళీ చేసే రోజున ఆవిడ మాట్లాడదు, బెంగళూరు నుంచి కొడుకు దిగి మాట్లాడతాడు. నీ అడ్వాన్స్ వాళ్ల దగ్గరే ఉంటుంది మరి.

ముందు గోడ మందం కొలువు. పూతతో కలిపి పది అంగుళాలుంటే అది తొమ్మిదంగుళాల గోడ. ఐదారుంటే నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ. పిల్లర్లు లేని పాత ఇళ్లలో మిద్దె బరువంతా లావు గోడల మీదే ఉంటుంది, వాటి జోలికి పోకూడదు. సన్నగోడే కదా అని ధీమా కూడా వద్దు. మిద్దెక్కి చూడు, సరిగ్గా దాని నెత్తిన పై పోర్షన్ గోడో, నీళ్ల ట్యాంకో ఉందేమో. స్విచ్‌బోర్డు ఉంటే లోపల కరెంటు పైపులూ ఉంటాయి. మేస్త్రీ "ఏం కాదమ్మా, ఇనప కమ్మీలేసి మిద్దె నిలబెడతా" అంటాడు. వాళ్లు మంచోళ్లే, నా ఉద్యోగమంతా వాళ్లతోనే గడిచింది. కానీ ఆ మాట ఇంజనీరు చూసి చెప్పాలి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108 ప్రకారం ఓనర్ ఒప్పుకోకుండా బాడుగకున్నవాళ్లు శాశ్వత కట్టడాలు కట్టకూడదు, ఉన్నవి పడగొట్టకూడదు. అగ్రిమెంటులో వేరే షరతు లేకుంటే, నువ్వు బిగించుకున్న అరలూ షెడ్డూ ఖాళీ చేసేలోపు విప్పుకుపోవచ్చు. ఇల్లు మాత్రం తీసుకున్నప్పుడు ఎట్లా ఉందో అట్లా అప్పజెప్పాలి.

నన్నడిగితే గోడ ఉండనీ. పదకొండు నెలల అగ్రిమెంటుకు అంత ఖర్చెందుకు? ఓనరమ్మకు చెప్పి మధ్య తలుపు రెక్క ఊడదీసి అటకెక్కించు. ఒక గదిలో కటింగ్ బల్ల, ఇస్త్రీ. రెండో దాంట్లో మిషన్లు. ఇస్త్రీ వేడి మిషన్ల దగ్గర లేకపోతేనే పనివాళ్లకు సుఖం.

తప్పదంటే కాగితం రాయించు. ఏ గోడ, ఎంత వెడల్పు, ఖర్చెవరిది, బాడుగలో తగ్గిస్తారా, పోయేటప్పుడు మళ్లీ కట్టివ్వాలా? ఈ చివరిదే అందరూ మరిచేది. ఇంటి పన్ను రసీదు ఎవరి పేరున ఉందో చూసి, వాళ్లతోనే సంతకం పెట్టించు. ఫోటోలు తీసి పెట్టుకో.

ఆదివారం చిత్తూరులో పొద్దున బస్సెక్కుతా, టేపు నేనే తెస్తా. అందాకా మేస్త్రీకి పైసా ఇవ్వకు.

పెదనాన్న