ఆఫ్రికా అడవిలో వాలంటీరింగ్: మూడున్నర లక్షలు కట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి విజయనగరంలో బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతోంది. వన్యప్రాణుల రంగంలోకే వెళ్తానంటోంది. వేసవి సెలవుల్లో దక్షిణాఫ్రికాలో నాలుగు వారాల వాలంటీర్ ప్రోగ్రామ్‌కి పంపమని పట్టుబడుతోంది. విమానం టికెట్లతో కలిపి మూడున్నర లక్షలు అవుతుందట. చాకిరీ తను చేసి, డబ్బు మేం కట్టడమేమిటి? దీనివల్ల పీజీ సీటుకో, ఉద్యోగానికో ఉపయోగం ఉంటుందా?

సమాధానం: డబ్బు కట్టించుకోవడం మోసానికి గుర్తేమీ కాదు. రోజూ రెండు పూటలా జీపు తిప్పాలి, దానికి డీజిలు, జంతువుల్ని రోజూ వెతికి నమోదు చేసే, డ్రైవింగ్ తెలిసిన ఉద్యోగికి (ఫీల్డ్ మానిటర్) జీతం, జంతువుల మెడకు కట్టే కాలర్లు కావాలి. ఒక్క జీపీఎస్ కాలర్ ఖరీదే లక్ష దాటుతుంది. చాలా ప్రాజెక్టులు ఈ ఖర్చును వాలంటీర్ల ఫీజుతోనే నెట్టుకొస్తాయి. అనుమానించాల్సింది ఫీజును కాదు, అక్కడ మీ అమ్మాయితో చేయించే పనిని.

బ్రోచర్‌లో సింహం కూనకు పాలసీసా పడుతున్న ఫొటో ఉంటే ఆ ప్రోగ్రామ్ సంగతి అక్కడితో వదిలేయండి. దక్షిణాఫ్రికాలో ఇదొక వ్యాపారం. పుట్టిన కొద్ది రోజులకే కూనల్ని తల్లి నుంచి వేరు చేస్తారు. అలా చేస్తే తల్లి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది. కూనలకు తల్లి లేదని చెప్పి వాలంటీర్ల చేత పెంచిస్తారు, కాస్త ఎదిగాక పర్యాటకులతో షికారు తిప్పుతారు. మనుషులకు అలవాటుపడ్డ సింహాన్ని అడవిలో వదలలేరు కాబట్టి చివరికి అది కంచె లోపలి ట్రోఫీ వేటకో (తల, తోలు గుర్తుగా దాచుకోవడానికి చేసే వేట), ఎముకల వ్యాపారానికో పోతుంది. పెంపకపు సింహాల పరిశ్రమను ఆపాలన్న నిర్ణయాన్ని అక్కడి ప్రభుత్వం 2021 మేలో ప్రకటించింది. అయినా అలాంటి చోట్లు పూర్తిగా మూతపడలేదు. మంచి ప్రాజెక్టులో జంతువును ముట్టుకోనివ్వరు. కాలర్ కట్టేటప్పుడు మత్తులో ఉన్న జంతువు దగ్గరికి రానిచ్చినా, వెటర్నరీ డాక్టర్ చెప్పిన మేరకే.

ప్రాజెక్టు వాళ్లకు మెయిల్ రాసి మూడు విషయాలు అడగమనండి. సేకరించిన వివరాలు ఎవరికి చేరతాయి? ఒక మానిటర్ కింద ఎంతమంది వాలంటీర్లు ఉంటారు? పోయిన ఏడాది నివేదిక పంపగలరా? పార్క్ యాజమాన్యానికి వివరాలు చేరుతున్నట్టయితే మొదటిదానికి సూటిగా జవాబొస్తుంది. జీపుకు నలుగురైదుగురు మించితే నేర్చుకునేది తగ్గిపోతుంది.

ఇక అసలు పని. క్వాజులు-నటాల్ రాష్ట్రంలో హ్లుహ్లువే-ఇంఫోలోజి వంటి పార్కుల్లో ఆఫ్రికా అడవి కుక్కల మీద నిఘా ఉంటుంది. మన రేచుకుక్కల్లాగే ఇవీ గుంపుగా వేటాడతాయి. తెల్లవారకముందే బయల్దేరతారు, ఎందుకంటే కుక్కలు పొద్దునా సాయంత్రం తిరిగి మధ్యాహ్నం నీడన పడుకుంటాయి. కాలర్ నుంచి వచ్చే రేడియో సిగ్నల్‌ను చేతి యాంటెన్నాతో పట్టాలి. యాంటెన్నాను చుట్టూ తిప్పి, టిక్‌టిక్ శబ్దం ఎటు గట్టిగా వస్తే ఆ దిక్కును దిక్సూచితో నమోదు చేస్తారు. వేర్వేరు చోట్ల నుంచి కనీసం మూడు దిక్కులు తీసుకుని మ్యాపు మీద గీతలు గీస్తే, అవి కలిసే చోటికి దగ్గర్లో గుంపు ఉంటుంది. కొత్తవాళ్లు తప్పులో కాలేసేది లోయల్లో. సిగ్నల్ కొండకు తగిలి తిరిగొచ్చి, లేని దిక్కును చూపిస్తుంది. అందుకే ముందు ఎత్తైన చోటికి ఎక్కి వినాలి. కుక్కలు కనిపించాక ఒంటి మీది మచ్చలు చూసి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టాలి, ఉచ్చుల గాయాలున్నాయేమో పరిశీలించాలి.

మిగతా సమయమంతా విసుగు పనే. చిరుతల లెక్కకు కెమెరా ట్రాప్‌లు (ముందు ఏదైనా కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) మోకాలి ఎత్తులో, దారికి రెండు వైపులా ఒక్కోటి పెడతారు, ఎందుకంటే ఒక్కో చిరుతను మచ్చల తీరుతోనే గుర్తుపడతారు, కుడి పక్క ఉన్న తీరు ఎడమ పక్కన ఉండదు. కెమెరా ముందున్న గడ్డి కోయకపోతే గాలికి ఊగిన గడ్డి ఫొటోలతోనే మెమరీ కార్డు నిండిపోతుంది, ఆ వేల ఫొటోలను వేరు చేసేదీ వాలంటీర్లే. ఉచ్చులు ఏరడం, పిచ్చిమొక్కలు పీకడం మామూలే. ఈ పని నచ్చుతుందో లేదో మీ అమ్మాయికి డిగ్రీలో ఉండగానే తెలిసిపోవడమే, నా లెక్కన, ఆ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైన లాభం.

కెరీర్ విషయానికొద్దాం. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షలో దీనికి ఒక్క మార్కు కూడా రాదు. దానికి జువాలజీ డిగ్రీ అర్హత సరిపోతుంది, మిగతాది యూపీఎస్సీ ప్రిపరేషన్. ఉపయోగపడేది డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్) లాంటి చోట్ల వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీ ఇంటర్వ్యూల్లో. అక్కడ అడిగేది ఏ దేశం వెళ్లావని కాదు, ఏ పద్ధతిలో లెక్కించావు, ఎక్కడ తప్పు రావచ్చు అని. ఈ కోర్సులకు ఏటా ప్రవేశాలుంటాయని అనుకోకుండా ప్రకటనలు ముందే చూసుకోండి. సఫారీ గైడ్ కావాలనుకుంటే దారి వేరు: దక్షిణాఫ్రికాలో ఎఫ్‌జీఏఎస్‌ఏ (అక్కడి ఫీల్డ్ గైడ్ల సంఘం) గుర్తింపున్న గైడ్ శిక్షణ తీసుకోవాలి, వాలంటీరింగ్ దానికి బదులు కాదు.

అందుకని ఈ వేసవికి పంపొద్దని నా సలహా. ముందు మన దగ్గర పని చేయనివ్వండి. జనవరి నుంచి ఉత్తరాంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, గుడ్ల సంరక్షణ కేంద్రాల్లో సాయం చేయవచ్చేమో జిల్లా అటవీ అధికారిని అడగండి. నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాల్లో నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనకు వాలంటీర్లను పిలిచినప్పుడు దరఖాస్తు పెట్టించండి. ఈలోపు ఇంట్లోనే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌తో మ్యాపులు గీయడం, ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్‌లో గణాంకాల లెక్కలు నేర్చుకోవచ్చు, రెండూ ఉచితమే. డిగ్రీ చివరి పరీక్షలయ్యాక దక్షిణాఫ్రికా వెళ్తే అదే మూడున్నర లక్షలకు రెట్టింపు నేర్చుకుంటుంది.

వెళ్లేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. మన మే, జూన్ నెలలు అక్కడ చలికాలం. గడ్డి ఎండిపోయి జంతువులు బాగా కనిపిస్తాయి గానీ, తెల్లవారుజామున పైకప్పులేని జీపులో వణుకు తప్పదు. స్వెటరు, చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. బట్టలు ఖాకీ, గోధుమ రంగుల్లో చాలు. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలు వద్దు, జింబాబ్వే, జాంబియాల్లో సామాన్యులు అవి వేసుకోవడం నేరం. ఫోన్‌లో లొకేషన్ ఆపేయాలి. ఖడ్గమృగం ఫొటో చోటు వివరంతో సహా ఇన్‌స్టాగ్రామ్‌లో పడితే వేటగాళ్లకు దారి చూపినట్టే.

నైరోబీ, అడిస్ అబాబా మీదుగా టికెట్ తీసుకుంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించండి. అక్కడ ఎక్కువసేపు ఆగితే దక్షిణాఫ్రికాలో సర్టిఫికెట్ అడుగుతారు, తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనూ అడగొచ్చు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి చాలు. వీసా దరఖాస్తులో వాలంటీరింగ్ అని ఉన్నదున్నట్టు రాయించి, ప్రాజెక్టు ఆహ్వాన లేఖ జతచేయండి. మలేరియా మాత్రలు ఆ ప్రాంతాన్ని బట్టి డాక్టరు రాస్తారు. డాక్సీసైక్లిన్ అయితే వెనక్కొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి, చాలామంది ఇంటికి రాగానే మానేస్తారు. తిరిగొచ్చిన కొద్ది నెలల్లో జ్వరం వస్తే ఆఫ్రికా వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు మొదటే చెప్పి, అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి.