ఆసక్తి లేని సాక్షి

సందేహం: హన్మకొండలో ఒక వకీలు సారు దగ్గర అనువాదాలు చేస్తున్నాను. ఇంగ్లిషు కాగితంలో ‘డిస్‌ఇంటరెస్టెడ్ విట్‌నెస్’ అని ఉంటే ‘ఆసక్తి లేని సాక్షి’ అని రాశాను. సారు నవ్వి కొట్టేశారు. ‘అన్‌ఇంటరెస్టెడ్’ అన్నా ఆసక్తి లేకపోవడమే కదా? డిస్, అన్ రెండూ ‘లేని’ అనే కదా చెప్పేది?

సమాధానం: కొట్టేయడం సరే కానీ, మీ సారు నవ్వాల్సిన పని లేదు. ఇంగ్లిషు పుట్టిన గడ్డ మీదే ఈ రెండు మాటలు ఒకదాని చోట ఒకటి తిరుగుతుంటాయి.

చిక్కు డిస్, అన్‌ల దగ్గర లేదు, ఇంటరెస్ట్ దగ్గర ఉంది. బ్యాంకులో అది వడ్డీ. భూమి కాగితాల్లో హక్కు, వాటా. క్లాసులో ఆసక్తి. మనం వేరువేరు మాటలతో చెప్పుకునేవన్నీ అక్కడ ఒక్క మాటలోనే ఉన్నాయి. కాబట్టి ‘లేదు’ అన్నప్పుడు వాటిలో ఏది లేదో చూడాలి. లాభం, వాటా లేకపోతే డిస్‌ఇంటరెస్టెడ్. మనసు పెట్టకపోతే అన్‌ఇంటరెస్టెడ్.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు కాంటా వేసే దడ్వాయిని తీసుకోండి. ముల్లు ఎటు మొగ్గినా అతనికి ఒరిగేది ఉండకూడదు. అంటే డిస్‌ఇంటరెస్టెడ్‌గా ఉండాలి. అదే మనిషి ముల్లు చూడకుండా ఫోన్ చూస్తూ కూర్చుంటే అన్‌ఇంటరెస్టెడ్. మొదటిది లేకపోతే రైతు మునుగుతాడు, రెండోది ఉన్నా మునుగుతాడు!

కోర్టు మాట కూడా ఇంతే. ఇంటరెస్టెడ్ విట్‌నెస్ అంటే తీర్పు ఒకవైపు వస్తే బాగుపడేవాడు. చుట్టమైనంత మాత్రాన సాక్షి ఆ కోవలోకి రాడని సుప్రీంకోర్టు 1981లో ఒక కేసులో చెప్పింది. మీ అనువాదం చదివినవాళ్లకేమో బోనులో ఆవలిస్తున్న మనిషి కనిపిస్తాడు.

‘తటస్థ సాక్షి’ అందామా? తటం అంటే ఒడ్డు. ఏటిలో దిగకుండా ఒడ్డున నిలబడ్డవాడు తటస్థుడు. మాట అందమైనదే కానీ ఇక్కడ అతకదు. సొంత లాభం లేని సాక్షి చెప్పేదంతా ఒక పక్షానికే మేలు చేయవచ్చు. ‘స్వప్రయోజనం లేని సాక్షి’ అని రాయండి. కాస్త పొడుగే, తప్పదు.

తమాషా ఏమిటంటే, 17వ శతాబ్దపు ఇంగ్లిషులో అన్‌ఇంటరెస్టెడ్ అంటే పక్షపాతం లేని, డిస్‌ఇంటరెస్టెడ్ అంటే పట్టింపు లేని అనే వాడుకలుండేవి. తర్వాత రెండూ తారుమారయ్యాయి. మనకూ అలాంటి మాట ఒకటుంది: ఉదాసీనుడు. భగవద్గీత పన్నెండో అధ్యాయంలో అది భక్తుడికి గుణం, ఏ పక్షమూ పట్టనివాడని అర్థం. ఇప్పటి పేపర్లో ‘అధికారుల ఉదాసీనత’ అని హెడ్డింగ్ వస్తే అది తిట్టు. గీతలో డిస్‌ఇంటరెస్టెడ్‌గా ఉన్నవాడు పేపర్ల దాకా వచ్చేసరికి అన్‌ఇంటరెస్టెడ్ అయిపోయాడు.

అయితే ముందు చేరే అక్షరాలే తేడా తెచ్చే జంటలూ లేకపోలేదు. ఇమ్మోరల్, అమోరల్ అలాంటివే. 2023 వానలకు వరంగల్ కాలనీలు మునిగినప్పుడు వానకు నీతి లేదని ఎవరూ అనలేదు. వానకు నీతి, అవినీతి అనే లెక్కే వర్తించదు, అది అమోరల్. నాలా కబ్జా పెట్టి ఇల్లు కట్టినవాడిది ఇమ్మోరల్. రెండింటికీ ‘నీతి లేని’ అని రాస్తే కబ్జాదారు వాన చాటున తప్పించుకుంటాడు. వాడికి ‘నీతి తప్పిన’ అని రాయండి.