ముందు రక్తమా, ముందు థైరాయిడ్ మాత్రా?

ప్రశ్న: మాది నరసన్నపేట అండి. మా అమ్మ థైరాయిడ్‌కి థైరోనార్మ్ 50 మాత్ర వేసుకుంటాది. వచ్చే వారం శ్రీకాకుళం తీసుకెళ్లి టెస్టు చేయిద్దామనుకుంటన్నాం. ఆరోజు మాత్ర వెయ్యాలా వద్దా, పరగడుపునే వెళ్లాలా అంటే తలో మాట చెప్తన్నారు. జుట్టు రాలిపోతందని బయోటిన్ అనే విటమిన్ మాత్ర కూడా వాడతంది, అది చెప్పాలా?

జవాబు: తప్పకుండా చెప్పాలమ్మా, మీరు ఆఖర్న అడిగినా అసలు విషయం అదే. మనిషికి రోజుకి కావాల్సిన బయోటిన్ 30, 40 మైక్రోగ్రాములు, జుట్టు మాత్రల్లో 10 మిల్లీగ్రాములుండటం మామూలే. అంత మోతాదు ఒంట్లో ఉంటే కొన్ని ల్యాబ్ మెషీన్లు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోను) తక్కువగా, టీ4 (థైరాయిడ్ వదిలే హార్మోను) ఎక్కువగా చూపిస్తాయి, అది చూసి మాత్ర డోసు ఎక్కువైందనుకుని తగ్గించేస్తే అమ్మకి మళ్లీ నీరసం, ఒళ్లు బరువు మొదలు. కనీసం రెండ్రోజుల ముందు ఆపి, ఆపిన సంగతి ల్యాబ్‌లో కూడా చెప్పండి.

థైరాయిడ్ మాత్ర ఆపక్కర్లేదు. ఆ పూట రక్తం ఇచ్చాక వేస్తే సరి, సీసా సంచీలో పెట్టుకెళ్లండి. ముందే వేసేస్తే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) పెరిగి కనిపిస్తది. థైరాయిడ్ ఒక్కటే అయితే పరగడుపు అవసరం లేదు, షుగరు కూడా చూస్తారంటే అది వేరే సంగతి. కానీ టైము ముఖ్యం, టీఎస్‌హెచ్ తెల్లారగట్ల ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతాది, అందుకని ప్రతిసారీ అదే ల్యాబు, అదే పొద్దుటి పూట. డోసు మార్చాక 6 నుంచి 8 వారాలు ఆగాలి, ఈలోపు చేయిస్తే డబ్బులు దండగ.

మామూలు రోజుల్లో మాత్ర నీళ్లతో వేసుకున్నాక అరగంట, గంట ఆగి టీ అయినా చోడి అంబలైనా. ఐరన్, కాల్షియం మాత్రలకి 4 గంటల ఎడం.

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అక్క అమెరికా నుంచి పంది థైరాయిడ్ గ్రంథితో చేసిన నేచురల్ మాత్రలు పంపింది. మనవాటికంటే మంచివంటంది. వాటికి లైసెన్సు ఉందా?

జవాబు: అక్కడ కూడా లేదండి. వందేళ్లకి పైగా అమ్ముతున్నా అక్కడ మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ వాటికి అనుమతి ఇచ్చింది లేదు. మనం వేసుకునే లెవోథైరాక్సిన్ (థైరోనార్మ్‌లో ఉండే మందు, అంటే టీ4) కూడా అక్కడ చాన్నాళ్లు అలాగే నడిచింది, మాత్రకీ మాత్రకీ బలం తేడా వస్తందని 1997లో కంపెనీలన్నీ అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాల్సిందే అన్నారు, మొదటి అనుమతి 2000లో గానీ రాలేదు. పంది గ్రంథి మాత్రలో టీ4తో పాటు టీ3 అనే ఇంకో థైరాయిడ్ హార్మోను కూడా ఉంటది, అది గబగబా పనిచేసి గుండె దడ పుట్టించొచ్చు, కాబట్టి మన మాత్ర తీసేసి దాని బదులు ఇది అని లెక్క కుదరదు. నేచురల్ అన్నంతమాత్రాన మెత్తని మందేం కాదు.

మన సీసా మీద మాన్యుఫాక్చరింగ్ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉండాలి. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకి క్యూఆర్ కోడ్ కూడా పెట్టారు, థైరోనార్మ్ అందులో ఉంది, ఫోన్‌తో స్కాన్ చేస్తే అవే వివరాలు వస్తాయి, సీసా మీదున్న బ్యాచ్‌తో సరిచూసుకోండి. మాత్రలు వేరే డబ్బాలో పోసుకుంటే ఇవన్నీ పోతాయి, చెమ్మ కూడా తగులుతాది. అక్క పంపినవి వెయ్యకుండా ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్‌కి చూపించండి, ఇప్పటికే కొన్ని వేసుకునుంటే అది కూడా దాచకుండా చెప్పండి.