చిప్పు రాసే ముందు: చిన్నాకు ఒక జాబు

కావలి

చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. ఫోన్లో చెబితే సగం నీకు వినపడదు, మిగతా సగం నేను మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కాగితం మీద రాస్తున్నా. బడి పాత సామాన్ల వేలంలో 1980ల నాటి బీబీసీ మైక్రో కంప్యూటర్ దొరికిందంటే నాకు సంతోషమే. మీ అమ్మ మాత్రం ఇంట్లోకి ఇంకో ఇనప్పెట్టె వచ్చిందని అనే ఉంటుంది. అది ప్లాస్టిక్కేనని చెప్పు.

1984లో పిల్లలకి కంప్యూటర్ నేర్పే క్లాస్ ప్రాజెక్టు కింద దేశంలో బళ్ళకి ఈ మెషీన్లు ఇచ్చారు. నేను సైన్సు చెప్పిన బడికీ వచ్చాయి. చెప్పులు బయట విప్పి, చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్ళేవాళ్ళం. ఆ గది తాళం చెవి చాలాకాలం నా దగ్గరే ఉండేది కాబట్టి వీటి కడుపులో ఏముందో కొంచెం తెలుసు.

నీ ఫొటోలో ఒక లైను "బీబీసీ కంప్యూటర్ 32కె" అని, దాని కింద "లాంగ్వేజ్?" అని ఉంది. అది చూసి మెషీన్ పోయిందని టెన్షన్ పడ్డావు. అబ్బయా, అది మంచి వార్త. ఆ మాట అడుగుతున్నది ఆపరేటింగ్ సిస్టం చిప్పు. అంటే అది బతికే ఉంది, ప్రాసెసర్ నడుస్తోంది, తెర మీద రాయగలిగేంత మెమరీ కూడా బాగుంది. వెతికితే భాష చిప్పు, అంటే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉన్న రోమ్ (కరెంటు తీసినా రాసింది పోని మెమరీ చిప్పు), దానికి కనబడలేదు. అంతే. తెర నల్లగా ఉండి, ఆన్ చేసినప్పుడు వచ్చే కూత ఆగకుండా వస్తూనే ఉంటే అప్పుడు భయపడాలి.

బేసిక్ కనబడలేదంటే చిప్పు చచ్చిందనే అనుకోకు. నా అనుభవంలో ఎక్కువసార్లు చిప్పు కాదు, దాని కాళ్ళు. మనది సముద్రం గాలి. మైపాడు దగ్గరైనా కొత్తపట్నం దగ్గరైనా ఇనప గేటుకి ఏం పడుతుందో చిప్పు కాళ్ళకీ అదే పడుతుంది, కాకపోతే నల్లగా పడుతుంది. ముందు చిప్పు తీసి, కాళ్ళు పెన్సిల్ రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ గుచ్చు. బోర్డు మీద ఐసీ 51 ఆపరేటింగ్ సిస్టంది. దాని పక్కనున్న 52, 88, 100, 101 నాలుగూ ఒకే రకం సాకెట్లు. బేసిక్ ఏ సాకెట్లో ఉన్నా పని చేస్తుంది. 52లో రాకపోతే 88లో పెట్టి చూడు. సగం రోగాలు అక్కడే కుదురుతాయి.

అన్నట్టు, ఇవేవీ చేసే ముందే పవర్ సప్లై చూసుకో. కరెంటు వచ్చే చోట రెండు కాగితం కెపాసిటర్లు ఉంటాయి. వాటి పై తొడుగు పగిలి ఉంటే నలభై ఏళ్ళ తేమ లోపలికి చేరినట్టే. ఏదో ఒక రోజు టప్‌మని పేలి ఇల్లంతా పొగ చేస్తాయి. కరెంటు తెలిసిన వాళ్ళ చేత మార్పించుకో, నువ్వు చెయ్యి పెట్టకు.

చిప్పు తీసేటప్పుడు ఒక చివర్న స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తేస్తే రెండో చివర కాళ్ళు వంగి విరుగుతాయి. ఇటు కొంచెం, అటు కొంచెం లేపు. తీసే ముందే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకో, చిప్పు అంచు మీది గాటు ఎటు ఉందో గుర్తుంటుంది. నేనొకసారి కిటికీ ఉన్న ఈప్రామ్‌ని, అంటే చెరిపి మళ్ళీ రాసుకునే చిప్పుని, తిరగేసి గుచ్చి స్విచ్ వేశాను. గాజు కిటికీలోంచి సన్నటి నారింజ వెలుగు వచ్చింది. ఎంత ముద్దుగా ఉందో అని రెండు క్షణాలు చూస్తూ నిలబడ్డాను. వేలు పెడితే చుర్రుమంది. ఆ చిప్పు మళ్ళీ లేవలేదు.

కాళ్ళు తుడిచినా రాకపోతే అప్పుడు ప్రోగ్రామర్, అంటే చిప్పుల్ని చదివి రాసే పరికరం, దగ్గర కూర్చో. కొత్తది రాయడానికి తొందరపడకు, ముందు పాతది చదువు. చిప్పు రకం 27128 అని ఎంచుకుని, చిప్ ఐడీ చూడమనే టిక్ తీసేయి. ఐడీ అడగడానికి ప్రోగ్రామర్ ఒక అడ్రస్ కాలికి 12 వోల్టుల దాకా ఇస్తుంది. 5 వోల్టులకి పుట్టిన పాత రోమ్‌కి అది ఎందుకు? మూడుసార్లు చదివి మూడు ఫైళ్ళూ సరిపోల్చు. మూడూ ఒకటి కాకపోతే కాళ్ళు ఇంకా మురికిగా ఉన్నాయి, లేదా చిప్పు నిజంగానే పోతోంది.

ఫైలుని హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, తెరిస్తే మొదటి బైటు సి9 ఉండాలి. కొంచెం ముందుకు వెళితే బేసిక్ అనే పేరు, ఒక సున్నా బైటు, ఆ వెంటనే బ్రాకెట్లో సి, 1982, మెషీన్ చేసిన కంపెనీ పేరు ఏకార్న్ అని ఇంగ్లీషులో కనిపిస్తాయి. అది ఊరికే పెట్టిన కాపీరైటు కాదు. పేరుకి ముందు, సున్నా నుంచి లెక్కపెడితే ఏడో బైటు, పేరు తర్వాతి ఆ సున్నా బైటు ఎక్కడుందో చెబుతుంది. ఆపరేటింగ్ సిస్టం అక్కడికి వెళ్ళి సున్నా, బ్రాకెట్టు, సి, బ్రాకెట్టు, ఈ నాలుగూ ఉన్నాయా అని చూస్తుంది. ఒక్కటి తేడా వచ్చినా ఆ సాకెట్ ఖాళీ కిందే లెక్క. మిగతా పదహారు వేల పైచిలుకు బైట్లు శుభ్రంగా ఉన్నా సరే నీకు కనిపించేది లాంగ్వేజ్ అన్న ప్రశ్నే.

ఇక ఖాళీ చిప్పు. పాత కిటికీ చిప్పులు అచ్చంగా అదే సాకెట్లో కూర్చుంటాయి కానీ రాయడానికి అడిగే వోల్టేజి వేరు. 27128 అని ఉంటే 21 వోల్టులు, చివర ఇంగ్లీషు 'ఏ' (A) అక్షరం ఉంటే 12.5. ఒక్క అక్షరం తేడా. 'ఏ' ఉన్నదానికి 21 ఇస్తే అయిపోయింది. చౌక ప్రోగ్రామర్లు కొన్ని 21 దాకా వెళ్ళవు, నీది ఎంత ఇస్తుందో పుస్తకంలో చూసుకో. చివర గీత పెట్టి 25 అని ఉంటే 250 నానోసెకండ్లు. నీ మెషీన్‌కి అది చాలు, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది.

ఖాళీ చిప్పులో బైట్లన్నీ ఎఫ్ఎఫ్, అంటే అన్నీ ఒకట్లే. రాయడం అంటే ఒకట్లని సున్నాలు చేయడం. సున్నాని మళ్ళీ ఒకటి చేయాలంటే 254 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ వెలుగు కిటికీలోంచి పడాలి. అంగుళం దూరంలో పెడితే 15 నుంచి 20 నిమిషాలు. దొంగ నోట్లు పట్టే నీలం లైటు కింద నేను రాత్రంతా పెట్టి, తెల్లారి చూస్తే ఒక్క బిట్టు కదల్లేదు. అది 365 దగ్గరది, అతినీలలోహితమే గానీ చాలదు. మంచినీళ్ళ ఫిల్టర్లో ఉండే యూవీ ట్యూబు పనికొస్తుంది. అయితే దాన్ని మూసిన పెట్టెలో పెట్టు. వెలుగుతుండగా తొంగి చూశావంటే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది. రాసిన చిప్పు కిటికీ మీద నల్ల స్టిక్కర్ వేయి. నేరుగా ఎండ పడితే వారం రోజుల్లో చెరిగిపోవచ్చని తయారీదార్లే రాశారు. మన ఒంగోలు మే నెల ఎండని వాళ్ళు చూశారో లేదో.

ఈ బాధలేవీ వద్దనుకుంటే కిటికీ లేని డబ్ల్యూ27సీ512 తీసుకో. ప్రోగ్రామరే కరెంటుతో చెరిపేస్తుంది. అది 64కె, నీకు కావలసింది 16కె. ఆ సాకెట్లో 1, 27 కాళ్ళకి ఎప్పుడూ 5 వోల్టులు ఉంటాయి. ఈ చిప్పులో ఆ రెండూ పై అడ్రస్ కాళ్ళు, అంటే నాలుగు 16కె ముక్కల్లో ఏది చదవాలో చెప్పేవి. కాబట్టి మెషీన్ ఎప్పుడూ చివరి 16కె మాత్రమే చదువుతుంది. ఫైలుని మొదట్లో పెట్టి రాస్తే ప్రోగ్రామర్ వెరిఫై ఓకే అంటుంది, మెషీన్ మాత్రం మళ్ళీ లాంగ్వేజ్ అనే అడుగుతుంది. జుట్టు పీక్కుంటావు. ఫైలుని నాలుగుసార్లు వరసగా అతికించి 64కె చేసి రాయి, ఏ ముక్క చదివినా అదే వస్తుంది. ఆన్‌లైన్‌లో కొనే చిప్పులు చాలావరకు పాత బోర్డుల నుంచి పీకి, పై రాత గీకి, కొత్త పేరు కొట్టినవి. అందుకని కొత్తదానికి మాత్రం ఐడీ చూడు, ఖాళీయో కాదో చూడు, ఆ తర్వాతే రాయి.

బేసిక్ లేచాక తెలుగు అక్షరాలు పెట్టాలని నీ కోరిక. అసలు సరదా అదే. ఆపరేటింగ్ సిస్టం చిప్పులో మొదటి 768 బైట్లు అక్షరాల బొమ్మలు. 32వ అక్షరం నుంచి మొదలు, ఒక్కోదానికి 8 బైట్లు. ఇంగ్లీషు పెద్ద 'ఏ' (A) నంబరు 65. అందులోంచి 32 తీసి 8తో హెచ్చవేస్తే 264. ఆ చిప్పుని చదివిన ఫైల్లో ఆ చోట 60, 102, 102, 126 అని మొదలైతే సరైన ఫైలే చూస్తున్నావన్నమాట. పెద్దక్షరాల్ని ముట్టుకోకు. వాటిని మార్చితే, ప్రోగ్రాం చూడ్డానికి లిస్ట్ కొట్టినప్పుడు నీ ప్రోగ్రామే నీకు అర్థం కాదు. చిన్నక్షరాల 26 గళ్ళు వాడుకో, అవి 520వ బైటు దగ్గర మొదలు. ఒత్తులు, గుణింతాలు ఆ గళ్ళలో పట్టవు, ముందే చెబుతున్నా. మెషీన్ లేవగానే వచ్చే మోడ్ 7 తెరలో ఇవి కనిపించవు, దాని అక్షరాలు వేరే చిప్పులో ఉన్నాయి. మోడ్ 4కి వెళ్ళాలి.

చిప్పు మీద రాయకముందే బొమ్మ ఎలా ఉందో చూసుకునే దారి ఉంది. మోడ్ 4 కొట్టి, వీడీయూ 23,224,34,20,24,36,66,66,66,0 అని కొట్టు. తర్వాత 224వ అక్షరం ప్రింట్ చెయ్యి. తలకట్టుతో సహా గ వస్తుంది. మా ఆవిడ చూసి "గుడిసెలా ఉంది" అంది. ఎనిమిది చుక్కల్లో అంతే వస్తుందని చెప్పాను. నీకు నచ్చేదాకా అంకెలు మార్చుకో, అది మెమరీలోనే కాబట్టి ఖర్చు లేదు. అన్నీ కుదిరాక ఆ అంకెల్ని ఫైల్లో దించి, కొత్త చిప్పు మీదే రాయి. అసలు ఆపరేటింగ్ సిస్టం చిప్పుని స్పాంజిలో గుచ్చి, పేరు రాసి బీరువాలో పెట్టు.

ఆ ఫైలు తెరిచినప్పుడు చివర్లో, 3సి00 అనే చోట ఒకసారి ఆగు. ఆ మెషీన్ తయారుచేసిన వాళ్ళ పేర్లు అక్కడ వరసగా రాసి ఉంటాయి. ఆ అడ్రసుల్లో మెషీన్‌కి ఇన్‌పుట్, అవుట్‌పుట్ పరికరాలు అడ్డొస్తాయి, అందుకని అది నడుస్తున్నంతసేపూ ఆ పేర్లు ఎవరికీ కనిపించవు. నేను మొదటిసారి చదివిన రోజు అన్నం చల్లారిపోయింది.

పినాకిని రైలుకి వచ్చే మన పక్కింటి అబ్బాయి చేత ఒక టిఫిన్ డబ్బా పంపుతున్నా. పై గిన్నెలో అత్తయ్య చేసిన అరిసెలు. కింది గిన్నెలో నల్ల స్పాంజి మీద రెండు చిప్పులు. స్టిక్కర్ ఉన్నదాంట్లో నేను రాసిన బేసిక్ ఉంది, రెండోది ఖాళీ. మూడు ఫైళ్ళు సరిపోల్చాక ఫోన్ చెయ్యి, రాత్రి తొమ్మిది లోపల.

మీ మామయ్య