పక్కపక్కనే ఉన్న రెండు పేర్లు

పర్లాకిమిడి, ఒడిశా,
ఆదివారం

చిరంజీవి బుజ్జికి, మావయ్య దీవెనలు.

విశాఖలో ఉద్యోగంలో చేరుతున్నావనీ, ఆస్పత్రిలో రోగుల మందుల పట్టికలు చూసుకునే సాఫ్ట్‌వేర్ రాస్తావనీ మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. సాయంత్రం వీధిలో కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. డాక్టరు ఆపేయమన్న మందు పట్టికలో అలాగే ఉండిపోతేనో? ఆ బెంగతోనే లేచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. పది గళ్ల అర్రేలో, అంటే విలువలు వరుసగా పెట్టుకునే గళ్ల పట్టీలో, లెక్క సున్నా నుంచి తొమ్మిది దాకా. అందుకని ఒక్కో గడినీ వరుసగా చూసుకుంటూ తిరిగే లూప్ షరతు ‘పదికంటే తక్కువ’ అని రాయి, ‘తక్కువ లేదా సమానం’ అని రాయకు. ఇండెక్స్‌తో, అంటే గడి నంబరుతో, పని లేనప్పుడు సీ ప్లస్ ప్లస్ భాషలో 2011లో వచ్చిన కొత్త రకం ఫర్ లూప్ వాడు, ఒక్కో ఎలిమెంట్‌ని అదే చేతికిస్తుంది. అందులో ఆటో అన్న మాట పక్కన ఆంపర్‌సాండ్ (&) గుర్తు మరిచిపోతే నీ చేతికొచ్చేది కాపీ, దాన్ని ఎంత దిద్దినా అసలు మారదు. ఊరికే చూడటానికైతే, మార్చడానికి వీల్లేకుండా కాన్‌స్ట్ కూడా పెట్టు. పైథాన్ భాషలో వరుస నంబరు కావాలంటే ఎన్యూమరేట్ ఉంది.

ఇక అసలు సంగతి. ఏ వరుస మీద లూప్ తిరుగుతోందో, తిరుగుతుండగా అందులోంచి దేన్నీ తీసేయకు.

2003లో ఇక్కడ ఒక పొదుపు సంఘానికి ప్రోగ్రాం రాసిచ్చాను. అప్పు తీసుకున్నవాళ్ల పేర్లన్నీ ఒక వెక్టర్‌లోకి, అంటే పెరిగే తరిగే అర్రేలోకి తెచ్చి, బాకీ తీరినవాళ్లను ఎరేజ్ చేసి, అంటే తీసేసి, మిగిలినవాళ్లకు నోటీసులు ప్రింట్ చేయాలి. గడి నంబరు ‘ఐ’ సున్నాతో మొదలు, బాకీ సున్నా అయితే ఎరేజ్, ఆ తర్వాత ఐ ప్లస్ ప్లస్, అంటే ఐకి ఒకటి కలిపి పక్క గడికి. నాలుగు లైన్ల పని. పది పేర్లతో టెస్ట్ చేశాను, అంతా సరిగ్గా వచ్చింది. ఆ పదిమందిలో బాకీ తీరినవాళ్లు ఒకరికొకరు దూరంగా ఉన్నారని అప్పుడు గమనించలేదు.

నెల తిరక్కుండానే సరిహద్దు అవతల పాతపట్నం వైపు నుంచి ఒక పెద్దావిడ నడుచుకుంటూ వచ్చింది. నోటీసు ఒడియాలో ఉంది, ఆవిడకు ఒడియా చదవడం రాదు. అప్పు కట్టకపోతే ఇంటిమీదకొస్తారని ఎవరో చదివి చెప్పారట. కొంగు ముడి విప్పి రసీదు తీసింది. ఎన్నిసార్లు మడిచి విప్పిందో, మడతల దగ్గర కాగితం చిరుగు పట్టింది. “కట్టీసాను బాబూ” అని మూడుసార్లు అంది. భార్యాభర్తలిద్దరూ ఒకే రోజు అప్పు తీసుకున్నారు కాబట్టి ఖాతా నంబర్లు పక్కపక్కవే. తీర్చిందీ ఒకే రోజు. ప్రోగ్రాం ఆయన పేరు తీసేసింది, ఈవిడ పేరు వదిలేసింది.

ఆ రాత్రంతా కూర్చుంటే గానీ తప్పెక్కడో దొరకలేదు. ఐదో గడిలో ఆయన, ఆరో గడిలో ఆవిడ. ఆయన్ని ఎరేజ్ చేయగానే ఆవిడ ఐదులోకి జరిగింది. ఐ మాత్రం ఆరుకి వెళ్లిపోయింది. మళ్లీ ఐదులోకి చూసినవాళ్లు లేరు.

మీ పిన్ని పెళ్లి గుర్తుందా? బంతిలో నీ పక్కాయన లేచిపోతే నువ్వు ఆయన చోటికి జరిగావు. లడ్డూల పళ్లెంతో వస్తున్నవాడు ఆ చోటు అయిపోయిందనుకుని దాటి వెళ్లిపోయాడు. ఆరేళ్లదానివి, అడగలేక కళ్లనీళ్లు పెట్టుకున్నావు. నేనే తెచ్చిపెట్టాను. ఎరేజ్ అనే మాట చూసినప్పుడల్లా నాకు ఆ రోజు నీ ముఖం గుర్తొస్తుంది.

కాబట్టి ఇలా చెయ్యి. ఉంచాల్సినవాటిని కొత్త వెక్టర్‌లోకి ఎత్తి పెట్టుకో, నాకు అదే ఇష్టం. లేదంటే సీ ప్లస్ ప్లస్ 20లో, షరతుకు సరిపోయినవన్నీ తీసేసే ఎరేజ్ ఇఫ్ ఉంది, ఒక్క మాటతో పని అయిపోతుంది. ఏ గడి దగ్గరున్నామో చూపించే ఇటరేటర్‌తోనే రాయాల్సి వస్తే, ఎరేజ్ తిరిగిచ్చే ఇటరేటర్‌ని పట్టుకుని అక్కడి నుంచే సాగు, తీసేసిన మలుపులో ప్లస్ ప్లస్ వద్దు. కొత్త రకం ఫర్ లోపల ఎరేజ్ పెట్టావంటే మరీ ప్రమాదం, ఏం జరుగుతుందో భాష కూడా హామీ ఇవ్వదు. వెనక నుంచి తిరుగుతానంటావేమో, అప్పుడు సైజ్ టీ అనే అంకెల రకంతో జాగ్రత్త. దానికి మైనస్ లేదు, సున్నా దాటి కిందికి దిగితే పెద్ద అంకె అయిపోతుంది, ‘సున్నా లేదా ఎక్కువ’ అన్న షరతు ఎప్పటికీ అబద్ధం కాదు, లూప్ ఆగదు. పైథాన్ లిస్ట్ కూడా నా ప్రోగ్రాంలాగే కిమ్మనకుండా దాటేస్తుంది. పేరు చెబితే విలువ చూపించే డిక్షనరీ అయితే మధ్యలో సైజు మారిందని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, నన్నడిగితే అదే మేలు.

‘టెస్టులు పాసయ్యాయి’ అని మాత్రం నాకు చెప్పకు, కోపం వస్తుంది. ఏ టెస్టులో చెప్పు. ఆపేసిన మందులు రెండు పక్కపక్కన పెట్టి చూశావా? మొదట్లో రెండు, చివర్లో రెండు, అన్నీ ఆపేసినవే, అసలేమీ లేని పట్టిక?

కోప్పడ్డానని అనుకోకు తల్లీ. మన ఇంట్లో ఈ పనిలోకి వెళ్తున్న మొదటి ఆడపిల్లవి. దసరాకి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో, నీ మొదటి లూప్ ఇద్దరం కూర్చుని చదువుదాం. ఆ రసీదు జెరాక్స్ నా దగ్గర ఇంకా ఉంది, అదీ చూపిస్తాను. అత్తయ్య నీకోసం అరిసెలు చేస్తానంటోంది.

ఇట్లు,
మావయ్య