నాన్నకి చొక్కా గుండీ నువ్వు పెడితే ఆయన విశ్వాసం తగ్గినట్టు కాదు తమ్ముడూ

విశాఖ మల్కాపురం నుంచి రాసిన తమ్ముడికి వందనాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళకి పైగా వెల్డర్, సంఘ పెద్ద, ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందు వెళ్ళే మనిషి. ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది, చర్చికి వెళ్దాం అంటే గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. ఇంటికొచ్చిన ఒక బోధకుడేమో విశ్వాసం ఉంటే ఈపాటికి లేచి నడిచేవాడు, మందులు ఆపి ఉపవాస ప్రార్థన పెట్టండి అన్నాడట, అమ్మ సగం నమ్మేసిందట. నాన్న విశ్వాసం నిజంగా పోయిందా అక్కా అని అడిగావు.

ముందు మందులు. బీపీ మాత్రలు డాక్టర్ చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు, ఆపితే రెండోసారి స్ట్రోక్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆ బోధకుడి మాట చదివి నాకు చాలా కోపం వచ్చింది. పౌలు ఎంతమందిని బాగుచేశాడు, అలాంటివాడే తనతో తిరిగిన త్రోఫిముకి జబ్బు చేస్తే మిలేతులో వదిలేసి వచ్చానని తిమోతికి రాశాడు, త్రోఫిముకి విశ్వాసం చాల్లేదని ఒక్క ముక్క రాయలేదు. లూకాని ప్రియమైన వైద్యుడు అన్నది కూడా ఆ పౌలే. అమ్మకి ఈ రెండూ బైబిల్ తీసి చూపించు, నీ మాట కంటే అవే పనిచేస్తాయి.

ఇంకోటి, గోడ వైపు తిరిగి పడుకోవడం విశ్వాసం పోయి కాకపోవచ్చు. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది, మెదడుకి తగిలిన దెబ్బ వల్ల కొంత, పోగొట్టుకున్నదాని వల్ల కొంత. దానికి మందులున్నాయి. కేజీహెచ్‌లో గానీ మీరు చూపించుకునే చోట గానీ డాక్టర్‌ని డిప్రెషన్ ఉందేమో చూడండి అని సూటిగా అడుగు. మీకెవరికైనా రాత్రిపూట మరీ భారంగా అనిపిస్తే 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. చిన్నప్పుడు హార్బర్ వైపు తీసుకెళ్ళి ఓడ చూపించి ఆ అతుకు నాది అనేవారని రాశావు కదా, అక్కడ చాలాసేపు ఆగిపోయాను. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు, 1948లో, జల ఉష ఓడని నీళ్ళలోకి దించిన యార్డు అది, అక్కడ అంతకాలం చెయ్యి వణక్కుండా పనిచేసిన మనిషి ఆయన. అంత ఓడలు కట్టే ఊరే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వస్తే రోజుల తరబడి కరెంటు లేక, బిందెలు పట్టుకుని నీళ్ళ ట్యాంకర్ వెనక పరిగెత్తింది, మనమందరం చూశాం. ఎనిమిదో కీర్తనలో దావీదు కూడా ఈ రెండూ ఒక్క ఊపిరిలో అంటాడు, మనిషి ఏపాటివాడు అంటాడు, వెంటనే వాడికి మహిమా ప్రభావాలతో కిరీటం పెట్టావంటాడు. ఆ కిరీటం దేవుడు పెట్టింది తమ్ముడూ, కుడి చెయ్యి పడిపోతే జారిపోయేది కాదు.

యోహాను 21 తీసి నాన్న పక్కన కూర్చుని నెమ్మదిగా చదువు. పేతురు కూడా చేతుల కష్టం మీద బతికినవాడే, వలలు లాగినవాడు. వాడితో యేసు పడుచుతనంలో నీ నడుము నువ్వే కట్టుకున్నావు, ముసలితనంలో నువ్వు చేతులు చాస్తే వేరొకడు కడతాడు, నీకిష్టం లేని చోటికి తీసుకుపోతాడు అన్నాడు. అది పేతురు ఎలా చనిపోతాడో చెప్పిన మాట, నాకు తెలుసు. కానీ ఆ వెంటనే అన్నది నన్ను వెంబడించు అనే, అంటే ఇంకొకళ్ళు బట్టలు కడుతున్నప్పుడు కూడా వెంబడించొచ్చనే కదా. మా నాన్నగారికి చివరి ఏడాది నేనే స్నానం చేయించేదాన్ని, మొదటి నెల ఆయన కళ్ళు మూసుకునే ఉండేవారు, సిగ్గుతో. ఈ వాక్యం చదివిన రోజు నా మొహం వైపు చూశారు.

చర్చికి రమ్మని ఇంక బలవంతం పెట్టకు, పాస్టర్ గారిని ఇంటికే ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షారసం, తెమ్మని అడుగు, ఇద్దరు పెద్దలు చాలు. మాట రానివాళ్ళకి కూడా ఒక్కోసారి పాట వస్తుంది, ఇది స్పీచ్ థెరపీ వాళ్ళకి బాగా తెలిసిన సంగతే, కాబట్టి ఆయన ఎప్పుడూ పాడే కీర్తన నువ్వు మొదలుపెట్టి రెండో లైన్ దగ్గర ఆపి చూడు. ఆదివారం తెల్ల చొక్కా వేసేటప్పుడు పై గుండీలన్నీ నువ్వు పెట్టు, కింద ఒక్కటి మాత్రం ఎడం చేత్తో ఆయన్నే పెట్టుకోనియ్, ఎంతసేపు పట్టినా పక్కనే నిలబడు.